పాలైతే అయిపోయినాయి

దిగువ అహోబిలం,
8-11-2024

అక్క సుబ్బలక్ష్మమ్మకు తమ్ముడు ఓబులేసు రాసేది.

నేను బాగానే ఉన్నాను. బాగాలేకపోతే రాసేవాడినే కాదు. నీకు ఫోను చేస్తే "ఆఁ? ఆఁ?" అని నీ మాటలు నువ్వు మాట్లాడుకుని పెట్టేస్తావు. చెవి మిషను పెట్టుకోమంటే పెట్టెలో పెట్టి తాళం వేసుకుంటావు. అందుకే ఈ రాత. రాత్రి బడిలో నేర్చిన అక్షరాలు, వంకర పోతే సర్దుకుని చదువు.

వేంపల్లెకు వచ్చెయ్, నా దగ్గర ఉండు అని పోయిన జాబులో రాసినావు. రాను. ఈ సత్రంలో వాచ్‌మన్ పని నాకేం బరువుగా లేదు. గేటు తీయడం, గేటు వేయడం, మోటారు ఆగితే పోయి చెప్పడం. ఒకరింట్లో మూలన కూర్చుని అన్నం తినేకంటే ఇదే మేలు. నీ ఇల్లయినా సరే, పరాయి ఇల్లే కదా.

కార్తీకమాసం, గదులన్నీ నిండినాయి. ఈ రద్దీలో నాకు ఇంకో పని తగులుకుంది. నవ్వకుండా చదువు. సత్రం ఆవరణలో ఒక పిల్లి ఉంది. తెల్లది, వీపు మీద ఇటుక రంగు మచ్చలు. గదుల్లోకి రాదు, రానిచ్చేవాళ్లూ లేరు. కారు ఆగితే మాత్రం మేనేజరు శివశంకర్ కంటే ముందు అదే ఎదురుపోతుంది. దిగినవాళ్ల కాళ్లకు రాసుకుంటుంది. సాయంత్రం పూట అందరికీ అది ముద్దే. పిల్లలు ఎత్తుకుంటారు, ఫోటోలు తీసుకుంటారు. తెల్లవారేసరికి అదే పిల్లి శని అయిపోతుంది. ఎగువ అహోబిలానికి బయలుదేరేటప్పుడు అడ్డం వచ్చిందంటే చాలు, మళ్లీ లోపలికి పోయి, కాళ్లు కడుక్కుని, నీళ్లు తాగి, కాసేపు కూర్చుంటే గానీ కదలరు. మొన్న కడపాయన ఒకడు అంతదూరం వచ్చి, దర్శనానికే పోకుండా తిరుగు బండి ఎక్కినాడు. శివశంకర్ నా మీద ఎగిరినాడు. "దాన్ని యాడన్నా వదిలేసి రాప్పా. లేదంటే పట్టుకోనన్నా కూర్చో."

వదిలేసి రాబుద్ధి కాలేదు. అప్పటి నుంచి తెల్లారుజామున గేటు దగ్గర స్టూలు వేసుకుని, పిల్లిని ఒళ్లో పెట్టుకుని, పైన దుప్పటి కప్పుకుని కూర్చుంటున్నాను. ఆఖరి బండి పోయేదాకా వదలను. "ఏం తాతా, దుప్పట్లో ఏముండాది?" అని కార్లోవాళ్లు అడిగితే "చలి" అంటాను.

దాని మీద నాకు ప్రేమ గీమ ఏం లేదు. ఉద్యోగం.

నీ కంటి ఆపరేషను ఎప్పుడో రాయి.

ఓబులేసు

---

వేంపల్లె,
14-11-2024

ఒరేయ్ ఓబులేసూ,

ఒక కన్ను మూసుకుని నీ జాబు చదివినాను. ఆపరేషను చలికాలం పోయినాక అన్నారు. ఆ సంగతి వదిలెయ్.

ఊర్లో నలుగురికి పంచాయితీ చెప్పినవాడివి, డెబ్బై దాటినాక పిల్లికి ఉయ్యాల అయినావా? మీ బావ ఉండి ఉంటే ఈ ముక్క చదివి నవ్వలేక దగ్గేవాడు. కానీ ఒకటి చెబుతాను, విను. నీ చేతిలో ఉన్నంతసేపూ దాన్ని భద్రంగా చూసుకో. పిల్లి ప్రాణం పోతే ఆ దోషం ఊరికే పోదు. బంగారంతో పిల్లిని చేయించి దానం ఇస్తే గానీ ఇంటికి పట్టింది వదలదని మన అవ్వ చెప్పేది, మర్చిపోయినావేమో.

పరాయి ఇల్లే కదా అని రాసినావు. నువ్వు పాలు తాగే వయసులో అమ్మ చేనికి పోతే నిన్ను చంకనేసుకుని తిరిగినదాన్ని. నాది పరాయి ఇల్లు అయింది. సరే. ఇంక పిలవను.

ఉద్దులు, కొర్రలు బస్సులో పంపిస్తాను. అవన్నా పరాయివి అనుకోకు.

మీ అక్క

---

దిగువ అహోబిలం,
24-11-2024

అక్కా,

క్షేమం సంగతి తర్వాత. ఇక్కడ ఒకటి జరిగింది.

మంగంపేట నుంచి హర్షవర్ధన్ అనే ఆయన వాళ్లమ్మను తీసుకుని వచ్చినాడు. ముగ్గురాయి మిల్లు ఉందంట. మంచివాళ్లే, మర్యాద తెలిసినవాళ్లు. ఆయన భార్య తనూజకు రెండుసార్లు కడుపు పోయిందంట. మూడోది నిలిచింది, జనవరి ఆఖరులో కాన్పు. బిడ్డ క్షేమంగా బయటపడాలని స్వామికి మొక్కుకోవడానికి తల్లీకొడుకులు వచ్చినారు.

తెల్లవారి వాళ్లు బయలుదేరేటప్పుడు నేను పిల్లితో గేటు దగ్గరే ఉన్నాను. ముసలామె సంచి పైగదిలో మర్చిపోయింది. ఆమెకు మోకాళ్లు పనిచేయవు. "ఓబులేసూ, బిరీన పోయి తీసకరాప్పా" అని శివశంకర్ కేకేసినాడు. పిల్లిని కింద పెట్టి పోయినాను. నేను సంచి పట్టుకుని మెట్లు దిగుతుండగా హర్షవర్ధన్ కారు వెనక్కి తీసినాడు. అది చక్రం దగ్గర ఉంది.

అరుపు విన్నాను. చూసేసరికి వెనక కాళ్లు ఈడ్చుకుంటూ వంటగది వెనక కంపల్లోకి పోతోంది. సంచి కింద పెట్టడానికి కూడా నాకు తోచలేదు.

ముసలామె కారు దిగి తల పట్టుకుంది. "సచ్చిందేమో సూడు నాయనా!"

"లేదుమ్మా, పరిగెత్తింది. నేను సూసినా" అన్నాడు హర్షవర్ధన్.

"కడుపుతో ఉండే పిల్లను ఇంట్లో పెట్టుకోని ఎంత పని జేసినావురా! సచ్చుంటే బంగారు పిల్లిని జేయించాల్లే!"

శివశంకర్ మధ్యలో దూరినాడు. "అమ్మా, మీరు దిగులు పడొద్దండి. దాన్ని సాకింది మా ఓబులేసు. ఏమున్నా ఆయన చూసుకుంటాడు." వాళ్లు పోయినాక నా వైపు తిరిగి, "పాపం గీపం ఉంటే నీకేప్పా. ఎవురు దింపమన్యారు నిన్ను?" అన్నాడు. దింపేలా చేసింది తానేనని ఆయనకు గుర్తులేదు.

కంపలన్నీ కట్టెతో కదిలించి చూసినాను. కొండ మొదటిదాకా పోయినాను. చేతులు గీసుకుపోయినాయి. కనపడలేదు.

ఓబులేసు

---

వేంపల్లె,
30-11-2024

నాయనా ఓబులేసూ,

నీ జాబు చదివినాను. వాళ్లు కార్లో ఎక్కి పోయినారు, మేనేజరు చేతులు దులుపుకున్నాడు, పాపం తెచ్చి నీ నెత్తిన పెట్టినారు కదరా. చక్రం తిప్పినోడిది కాదంట, ఒళ్లో పెట్టుకున్నోడిదంట! నువ్వు ఎవరినీ ఏమీ అడగవు, నాకు తెలుసు. పెండ్లాం పోయినప్పుడు కూడా ఒకరి దగ్గర చెయ్యి చాచలేదు. ఈ వయసులో ఇంత దోషం మోసుకుని తిరగాల్సిన పని నీకు లేదు.

నేను చూసుకుంటాను. నువ్వు వేళకు అన్నం తిను. చేతులకు పసుపు రాసుకో.

మీ అక్క

---

దిగువ అహోబిలం,
5-12-2024

అక్కా,

నీ జాబు ఇప్పుడే ఇచ్చిపోయినారు. చూసుకుంటాను అంటే ఏంది? నువ్వేమీ చూసుకోవద్దు. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. శివశంకర్ నోటికి ఏదొస్తే అది అంటాడు, అంతే.

వంటగది వెనక కంపల దగ్గర రోజూ సాయంత్రం చిప్పలో పాలు పెడుతున్నాను. తెల్లవారేసరికి ఉండవు. ముంగిస తాగుతుందో, కుక్క తాగుతుందో, అది తాగుతుందో నాకు తెలియదు. మాటు వేసి చూద్దామంటే నేను గేటు విడిచి పోకూడదు.

హర్షవర్ధన్ రోజూ ఫోను చేస్తున్నాడు.

"కనపడిందా పెద్దాయనా?"

"లేదు."

"పాలు?"

"పాలైతే అయిపోయినాయి."

"అట్లైతే బతికే ఉండాది కదా!"

"పాలు అయిపోయినాయి. నాకు తెలిసింది అంతే."

పాపం, ఆయన గొంతు పడిపోతుంది. ఇంట్లో వాళ్లమ్మ బంగారు పిల్లి చేయించమని పట్టుపట్టింది. చేయిస్తే పిల్లి చచ్చినట్టు తామే ఒప్పుకున్నట్టు, చచ్చిందంటే కడుపులో బిడ్డకు కీడు వచ్చినట్టు అని భార్య ఏడుస్తుందంట. ఎటూ తెగక నా మాట కోసం కాచుకున్నారు.

శివశంకర్‌కు ఇదంతా తమాషా. "ఉండాది అని ఒక్క మాట జెప్తే నీ నోరేం అరిగిపోతాదా ముసలాయనా? వాళ్లు వరండాకు కొత్త బండలు పరిపిస్తామంటాండారు." నేను ఒప్పుకోలేదని, టీ అంగడి దగ్గర తిరిగే ఇంకో తెల్ల పిల్లిని ఫోటో తీసుకుని వచ్చినాడు. "ఇది పంపిద్దాం. ఎవురికి తెలుస్తాది?"

"దీని తోక మీద నలుపుండాది. నీ మొగం మీద అంతకంటే ఎక్కువుండాది" అన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

చూడనిదాన్ని చూసినానని చెప్పలేను. చచ్చిందని కూడా చెప్పను. నేను చూసేదాకా అది చావలేదు.

మళ్లీ చెబుతున్నాను, నువ్వు ఏమీ చేయకు.

ఓబులేసు

---

వేంపల్లె,
6-12-2024

ఓబులేసూ,

నీ గండం దాటించినాను. ఇంక నిమ్మళంగా ఉండు.

నా చెవి కమ్మలు కంసాలికి ఇచ్చినాను. చెవులే వినపడనప్పుడు వాటికి కమ్మలెందుకు, చెప్పు. కరిగించి పిల్లిని చేసి ఇచ్చినాడు. గురిగింజంత ఉంది, కానీ చెవులు, తోక, మీసాలు కూడా పెట్టినాడు. ముచ్చటగా ఉండింది. నువ్వు చూసి ఉంటే బాగుండు. పొద్దున గుడిలో నీ పేరు చెప్పి దానం ఇచ్చి వచ్చినాను. దోషం తీరిపోయింది, ఇంక ఎవరూ నిన్నేమీ అనడానికి లేదని పూజారి చెప్పినాడు.

కోపం తెచ్చుకోకు. నా చేతిలో ఉన్నది నేను చేసినాను.

మీ అక్క

---

దిగువ అహోబిలం,
11-12-2024

అక్కా,

ఎవరు చేయమన్నారు నిన్ను? ఏమీ చేయకు అని రాస్తే, ఆ జాబు నీకు చేరకముందే చేసేసినావు. నాకు దోషం ఉందని నేను రాసినానా? మంగంపేటలో కడుపులో బిడ్డ కోసం ఏడ్చేవాళ్లు కూడా ఇంకా ఆ పని చేయలేదు. నువ్వు చేసినావు. వాళ్లకు బతికి ఉంది, నాకు బతికి ఉంది, నీ ఒక్కదానికే చచ్చిపోయింది.

దానం పట్టినాయన పిల్లి ఏ రోజు చచ్చిందని అడగలేదా? అడిగి ఉంటే ఏం చెప్పేదానివి?

నిన్న కూడా పాలు అయిపోయినాయి.

నీ కమ్మలు నేను అడగలేదు. ఎవరి సొమ్మూ నా కోసం కరిగించాల్సిన పని లేదు. నువ్వే పోగొట్టుకున్నావు.

ఓబులేసు

---

వేంపల్లె,
18-12-2024

ఓబులేసుకు,

జాబు అందింది.

నేను పిల్లిని చంపలేదు. నా తమ్ముడికి కీడు రాకూడదనుకున్నాను. అది కూడా తప్పేనని ఇప్పుడు తెలిసింది.

ఆ కడుపుతో ఉన్న పిల్లకు ఒక మంచి మాట చెప్పడానికి నీకు నోరు రాదు. పిల్లిని చూసినావా లేదా అని నీకు పట్టింపు. ఆమెకు పట్టింపు అది కాదురా. ఇద్దరు బిడ్డల్ని పోగొట్టుకుంది. ఆ నొప్పి ఏందో నీకు తెలియదు, నాకు తెలుసు.

చలి ఎక్కువగా ఉంది. కాళ్లకు నూనె పట్టించుకో.

సుబ్బలక్ష్మమ్మ

---

దిగువ అహోబిలం,
4-1-2025

అక్కా,

నీ జాబు వచ్చి చాలా రోజులైంది. రాయడానికి చెయ్యి రాలేదు. ఇప్పుడు రాసేది చదివి నీ దగ్గరే ఉంచుకో.

నిన్న పొద్దున మోటారు ఆగిపోయింది. కొత్త మోటారు పెట్టినప్పటి నుంచి ఆ గది తాళంచెవి శివశంకర్ దగ్గరే ఉంటుంది. వైరు ఏమన్నా ఊడిందేమో చూడమని నాకిచ్చినాడు. వంటగది వెనకే ఆ గది. తలుపు తీసినాను.

మూలన గోనెపట్ట మీద పడుకుని ఉంది. నిద్రపోతోందనుకున్నాను. చెయ్యి పెట్టి చూసినాను. ప్రాణం లేదు, ఒళ్లు ఇంకా బిగుసుకోలేదు. గోనెపట్ట మీద అది రోజూ పడుకున్నంత మేర గుంత పడి ఉంది, నిండా వెంట్రుకలు. వెనక గోడకు పైపు పోయే కంత ఉంది. ఆ కంతలోనుంచి ఈడ్చుకుంటూ బయటకు పోయి, పాలు తాగి, మళ్లీ ఈడ్చుకుంటూ వచ్చి పడుకునేది. ఇన్నాళ్లూ ఇదే చేసింది. పుండు కుళ్లిపోయింది. నేను కొండదాకా వెతికినాను. ఇది నా చిప్పకు పది అడుగుల దూరంలో, తాళం వేసిన గదిలో ఉంది.

హర్షవర్ధన్ రోజూ అడిగినాడు, బతికి ఉందా అని. బతికి ఉంది అక్కా. ఉన్నన్నాళ్లూ నేను చెప్పలేదు.

ఎవరినీ పిలవలేదు. గది వెనక గుంత తీసి, ఉప్పు వేసి పూడ్చినాను. చేతులు కడుక్కుంటుంటే ఫోను మోగింది. ఆయన కాదు, తనూజ. ఆ పిల్ల గొంతు నేను వినడం అదే మొదలు.

"తాతా, మా అత్త రేపు కంసాలిని ఇంటికే పిలిపిస్తాంది. నాకు శానా బయమైతాంది. నీ మాటైతే నమ్ముతా. నువ్వు అబద్ధం ఆడవంట కదా, మా ఇంటాయన చెప్పినాడు. పిల్లి ఉండాదా తాతా?"

నా గోళ్ల సందున ఇంకా మట్టి ఉంది.

"ఉండాది తల్లీ" అన్నాను. "పొద్దున చూసినా."

ఆ రెండో మాట నిజమే.

అవతల గట్టిగా ఏడ్చింది. సంతోషంతో ఏడ్చింది. "కుంటుతాందా తాతా? అన్నం తింటాందా?" అని అడిగింది. పాలు తాగుతుంది అన్నాను. శివశంకర్‌కు కూడా బతికే ఉందనే చెప్పినాను. "ఇన్నాళ్లకు తెలివొచ్చినాది నీకు" అన్నాడు.

నువ్వు చెప్పినట్టే చేసినాను. కమ్మల విషయంలో నేను రాసినదాన్ని చించెయ్.

ఓబులేసు

---

వేంపల్లె,
11-1-2025

నాయనా ఓబులేసూ,

నేను చించలేదు, పొయ్యిలో పెట్టినాను.

అది బతికినన్నాళ్లూ నీ పాలు తాగి బతికింది. ఒట్టి కడుపుతో పోలేదు. అది చాలు అనుకో. నువ్వు ఆ పిల్లతో అన్న మాటకు నీకే పాపమూ రాదు. వచ్చినా నా బంగారం అప్పటికే పోయి కూర్చుని ఉంది. ఇంక వాళ్లు కంసాలిని పిలవనక్కరలేదు. దేవుడి దగ్గర ఒక పిల్లికి ఒక పిల్లి చెల్లిపోయింది, ఎవరు ఇచ్చినారని ఆయన అడగడు.

నాకు ఒకటే భయం. నీ నోరు నాకు తెలుసు. ఏదో ఒకరోజు ఉక్కపోసి వాళ్ల ముఖం మీదే అనేస్తావు. అనొద్దు. కాన్పు కానీ. ఆ తర్వాత వాళ్లెవరో, నువ్వెవరో. మళ్లీ ఎందుకు వస్తారు నీ దగ్గరికి?

మీ అక్క

---

దిగువ అహోబిలం,
20-4-2025

అక్కా,

నిన్న వచ్చినారు.

ఆడబిడ్డ. మూడో నెల నడుస్తోంది, నల్లటి కళ్లు. ముసలామె, హర్షవర్ధన్, తనూజ, అందరూ వచ్చినారు. ఎగువకు పోయి స్వామిని చూసుకున్నారు. అక్కడి నుంచి ఇంటికి పోతారనుకున్నాను. కారు నేరుగా సత్రంలోకి వచ్చింది. తనూజ దిగీదిగకముందే నా కాళ్లకు దండం పెట్టింది. వద్దంటున్నా వినలేదు. నాకు పంచ, పిల్లికి వెండి గజ్జె. ఎర్ర దారానికి గుచ్చి తెచ్చినారు. డబ్బాలో పెరుగన్నం కూడా.

"యాడుండాది తాతా? మా పాపకు సూపిద్దామని వచ్చినాం" అంది.

"ఎండకు యాడో పడుకోనుంటాది" అన్నాను. అంతకంటే ఏం అనాలి?

"మాకేం తొందర ల్యా. సల్లబడినాక వస్తాదిలే" అని ముసలామె వరండాలో చాప వేయించుకుంది. వాళ్లు పరిపించిన కొత్త బండల మీదే కూర్చున్నారు. శివశంకర్ వాళ్లకు మజ్జిగ ఇచ్చి, "అది మా ఓబులేసు దగ్గరకు తప్ప ఎవురి దగ్గరకూ రాదండి. ఈ మధ్య నాకైతే కనపడనే లేదు" అన్నాడు. ఆయన ఉత్తినే అన్నాడు.

చెప్పేద్దామని నోరు తెరిచినాను. "అమ్మా తనూజమ్మా" అన్నాను. ఆమె బిడ్డను నా ఒళ్లో పెట్టింది. ఎత్తుకోవడానికి పిలిచినాననుకుంది. బిడ్డ వేలు నోట్లో పెట్టుకుని నన్నే చూస్తోంది. దాన్ని ఒళ్లో పెట్టుకుని నేను ఆ మాట ఎట్లా చెప్పేది? చెప్పలేదు.

పొద్దు వాలింది. పెరుగన్నం ఆకులో పెట్టి మెట్ల మీద ఉంచినారు. కుక్క వస్తే హర్షవర్ధన్ తోలినాడు. ముసలామె "బా, బా" అని పిలిచింది. తనూజ పిలిచింది. మిల్లు ఉన్న మనిషి, ఆయన కూడా పెరట్లోకి పోయి పిలిచినాడు. వంటగది పక్కనుంచి మోటారు గది వైపు పోతుంటే, నేను బిడ్డను వాళ్లకిచ్చి లేచినాను. "అట్ల పోవద్దు, తేళ్లుంటాయి" అన్నాను.

"తాతా, నీ గొంతైతే గుర్తుపడతాది. నువ్వు పిల్చు" అంది తనూజ.

మోటారు గదికి వీపు పెట్టి, కొండ వైపు తిరిగి నేనూ పిలిచినాను. గట్టిగా పిలిచినాను. నా గొంతు బాగానే వచ్చింది.

దీపాలు పెట్టేదాకా ఉండి పోయినారు. గజ్జె నా చేతికిచ్చి, కనపడగానే కట్టి ఫోటో తీయించి పంపమన్నారు. బిడ్డకు అన్నప్రాశన కూడా ఇక్కడే చేస్తారంట. మెతుకు ముందు పిల్లికి పెట్టి ఆ తర్వాతే బిడ్డకు పెడతామని ముసలామె మొక్కుకుంది.

ఇంతవరకు నా సంగతి నేను చూసుకున్నాను. ఎవరినీ ఏమీ అడగలేదు. ఇది నాకు చేతకావడం లేదు. వాళ్లకు ఏం చెప్పాలో నువ్వు రాయి అక్కా. లేదంటే నువ్వే బస్సెక్కి రా.

నీ తమ్ముడు
ఓబులేసు